వీడియో ఆటలూ, చదువూ: మార్కు దేనికి వేస్తున్నారు?

శనివారం మధ్యాహ్నం. పరదేశంలో స్థిరపడిన ఒక తెలుగు ఇల్లు. పప్పుకు తాలింపు పెట్టిన తల్లి భోజనానికి రమ్మని మూడవసారి పిలిచింది. "రెండే నిమిషాలమ్మా, ఈ లెవెల్ అయిపోతే వచ్చేస్తా" అని మేడమీది గదిలోనుంచి కొడుకు జవాబు. ఆ రెండు నిమిషాలు ఇరవై అవుతాయని ఇంటిల్లిపాదికీ తెలుసు. "ఈ ఏకాగ్రతలో నాలుగోవంతు లెక్కల మీద పెడితే ఎంత బాగుండును!" అని తండ్రి నిట్టూర్చాడు. "నువ్వు గోళీలాడుతూ బడి ఎగ్గొట్టిన రోజులు మరిచిపోయావట్రా?" అని, ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన నాయనమ్మ నవ్వింది.

వారం వారం ఎన్నో ఇళ్ళలో వినిపించే ఇటువంటి సంభాషణలో, తండ్రి నిట్టూర్పు వెనుక ఒక మంచి శాస్త్రీయ ప్రశ్న దాగి ఉన్నది. లెక్క పది నిమిషాలలో తేలకపోతే పుస్తకం మూసేసే పిల్లవాడు, ఆటలో ఒకే అడ్డంకి వద్ద ముప్ఫైసార్లు ఓడిపోయి ముప్ఫై ఒకటవసారి ప్రయత్నిస్తాడు. ఆ పట్టుదల ఎక్కడినుంచి వస్తున్నది? ఆ శ్రమ ఎప్పుడు చదువుగా మారుతుంది, ఎప్పుడు మారదు? ఆటలు మంచివా, చెడ్డవా అని వాదించుకోవడం కన్న ఈ ప్రశ్నకు సమాధానం వెతకడం ఉపయోగకరం.

ప్రయోగశాలలో పుట్టిన ఆట

వీడియో ఆట బజారులో పుట్టలేదు, పరిశోధనాలయంలో పుట్టింది. 1958 అక్టోబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలను చూడడానికి ప్రజలు రానున్నారు. గోడకు తగిలించిన పటాలు చూసి జనం విసుగు చెందుతారని గ్రహించిన విలియం హిగిన్‌బోతమ్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఒక చిన్న గణనయంత్రాన్ని ఆసిలోస్కోపు తెరకు కలిపి టెన్నిస్ ఆటను తయారుచేశాడు. క్షిపణుల మార్గాన్ని లెక్కకట్టగల ఆ యంత్రమే, వలను దాటి ఎగిరే వెలుగుచుక్క మార్గాన్నీ లెక్కకట్టింది. సందర్శకులు దాని ముందు బారులు తీరారు.

1962లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు కలిసి పిడిపి-1 అనే కంప్యూటరు మీద 'స్పేస్‌వార్' అనే ఆటను రూపొందించారు. తెర నడుమ ఒక నక్షత్రం. దాని చుట్టూ రెండు నౌకలు. నక్షత్రం నౌకలను తనవైపు లాగుతూ ఉంటుంది. ఆ ఆకర్షణకు ఎదురీదేవాడు ఇంధనం వృథా చేసుకుంటాడు. దానిని ఆసరాగా చేసుకొని నక్షత్రాన్ని చుట్టి వేగం పుంజుకునేవాడు ప్రత్యర్థిని దెబ్బతీస్తాడు. ఆటలో న్యూటన్ ప్రసక్తి లేదు, సూత్రమూ లేదు. అయినా ఆడినవారి చేతి వేళ్ళకు గురుత్వాకర్షణ పరిచయమయింది. 1972లో అటారీ సంస్థ 'పాంగ్' ఆటను బజారులో పెట్టిన తరువాతనే ఇది పెద్ద వ్యాపారంగా మారింది.

వైకుంఠపాళి, పులి–మేక

ఆట ఏమి నేర్పుతుందో తెలుసుకోవడానికి మన పెద్దలు ఆడిన రెండు ఆటలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. వైకుంఠపాళి పటం నిండా నీతి ఉన్నది. సద్గుణం నిచ్చెనై పైకి తీసుకుపోతుంది. దుర్గుణం పామై మింగుతుంది. కాని ఆడేవాడికి సద్గుణాన్ని ఎంచుకునే అవకాశం ఎక్కడ ఉన్నది? గవ్వలు ఎటు పడితే కాయ అటు నడుస్తుంది. ఆ ఆటవల్ల పిల్లలకు అలవడేది కూడిక, ఓర్పు, పాము నోట పడ్డవారిని చూసి పకపకా నవ్వడం. నీతి పటం మీద ఉన్నది కాని ఆట నియమంలో లేదు.

పులి–మేక ఆటలో నీతివాక్యం ఒక్కటి కూడా రాసి లేదు. మూడు పులులు, పదిహేను మేకలు, నేలమీద సుద్దతో గీసిన గీతలు. ఒంటరిగా నిలిచిన మేకను పులి దూకి తినేస్తుంది. వెనుక మరొక మేక కాపు కాస్తే దూకలేదు. బలహీనులు కలిసి నిలిస్తే బలవంతుణ్ణి కట్టడి చేయగలరన్న సంగతి ఆ నియమంలోనే ఉన్నది. అది గ్రహించనివాడు ఓడుతూనే ఉంటాడు, గ్రహించినవాడే గెలుస్తాడు.

ఈ పోలికలోనే అసలు సూత్రం బయటపడుతుంది. పటం మీద ఏమి గీశారన్నది ఆట నేర్పదు. దేనికి గెలుపు ఇస్తుందో దానినే నేర్పుతుంది. పిల్లవాడి మనస్సు మార్కు ఎటు పెరుగుతుందో అటే ప్రవహిస్తుంది. కనుక ఏ ఆటనైనా పరీక్షించేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇందులో మార్కు దేనికి వేస్తున్నారు?

శక్తి తగ్గితే మార్కు పెరిగే ఆట

మార్కు ప్రకృతి ధర్మానికే ముడిపడితే ఏమవుతుందో చూపిన గొప్ప ఉదాహరణ రసాయన శాస్త్రంలో ఉన్నది. మన శరీరంలో ప్రాణవాయువును మోయడం, ఆహారాన్ని అరిగించడం, రోగక్రిములతో పోరాడడం వంటి పనులలో ఎక్కువ భాగం మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు, నిర్వహిస్తాయి. ప్రతి ప్రోటీనూ ఒక దండ వంటిది. ఇరవై రకాల అమైనో ఆమ్లాలు దానిలో పూసలు. ఈ దండ నీటిలో తనంతట తాను ముడుచుకొని ఒక ప్రత్యేకమైన ఆకృతిని పొందుతుంది. నూనె స్వభావం గల పూసలు లోపల దాక్కుంటాయి. నీటిని ఇష్టపడేవి బయట నిలుస్తాయి. ఆ ఆకృతి చెడితే సాధారణంగా పని కూడా చెడుతుంది.

పూసల వరుస తెలిస్తే చివరి ఆకృతిని చెప్పగలమా? నూరు పూసల దండలో ఒక్కొక్క పూస మూడే విధాలుగా తిరగగలదనుకున్నా, సాధ్యమైన ఆకృతుల సంఖ్య సుమారు 5 పక్కన 47 సున్నలు. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. ప్రకృతి మాత్రం ఎన్నో ప్రోటీన్లను రెప్పపాటులో ముడుస్తుంది. అన్నిటికన్న తక్కువ శక్తి ఉండే స్థితికి వాటిని చేరుస్తుంది.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బేకర్ బృందం ఈ లెక్క కోసం 'రొసెట్టా' అనే ప్రోగ్రాము రాసింది. దానికి కావలసిన గణనశక్తి కోసం 2005లో ప్రజల ఇళ్ళలోని కంప్యూటర్ల సాయం కోరారు. ఖాళీగా ఉన్న కంప్యూటరు లెక్క చేస్తూ ఉంటే, దండ ముడుచుకునే తీరు తెరమీద కనిపించేది. చూస్తూ కూర్చున్నవారిలో కొందరు, "ఇక్కడ యంత్రం పొరబడుతున్నది, మాకు అవకాశమిస్తే సరిచేస్తాము" అనే భావంతో శాస్త్రవేత్తలకు రాశారు. ఆ మాటను వారు కొట్టిపారేయలేదు. అదే విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ శాస్త్రజ్ఞులు జోరాన్ పొపోవిచ్, సేత్ కూపర్, ఏడ్రియన్ ట్రాయిల్ ప్రభృతులతో కలిసి 2008లో 'ఫోల్డిట్' అనే ఆటను విడుదల చేశారు.

ఈ ఆటలో ప్రోటీను దండ రంగురంగుల బొమ్మగా కనిపిస్తుంది. దానిని లాగవచ్చు, మెలిపెట్టవచ్చు, కుదపవచ్చు. రెండు పరమాణువులు ఒకదానినొకటి ఒరుసుకుంటే ఎర్రని ముళ్ళు లేస్తాయి. ఆకృతి శక్తి తగ్గిన కొద్దీ మార్కు పెరుగుతుంది. అంతే. ఆడినవారిలో చాలామంది జీవరసాయన శాస్త్రం చదివినవారు కారు. అయినా మార్కు కోసం ప్రాకులాడుతూ వారు చేసిన పని, ప్రకృతి చేసే పనే. 2010లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, పది సమస్యలలో ఐదింటిలో ఆటగాళ్ళ పరిష్కారాలు రొసెట్టా కన్న మెరుగైనవి, మూడింటిలో సమానం. ఆ శాస్త్రపత్రం రచయితల జాబితాలో ఆటగాళ్ళకూ చోటు దక్కింది.

2011లో మరింత ఆశ్చర్యకరమైన సంఘటన జరిగింది. కోతులలో ఎయిడ్స్ వంటి వ్యాధికి సంబంధించిన ఒక వైరస్‌లో, ఇతర ప్రోటీన్లను కత్తిరించే ఎంజైము ఒకటి ఉన్నది. దాని స్ఫటికాలపై ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి సేకరించిన సమాచారం చేతిలో ఉన్నా, పదేళ్ళకు పైగా ఆకృతి తేలలేదు. ఆ సమస్యను ఫోల్డిట్ ఆటగాళ్ళ ముందు పెడితే, మూడు వారాలలో వారు పంపిన నమూనా ఆధారంగా శాస్త్రవేత్తలు దానిని ఛేదించారు. 2012లో పరిశోధకులు, ఆటగాళ్ళ సూచనలతో ఒక కృత్రిమ ఎంజైము చురుకుదనాన్ని 18 రెట్లకు పైగా పెంచగలిగారు.

మార్కు తప్పితే దారి తప్పుతుంది

అదే ఆట మరొక పాఠం కూడా నేర్పింది. ఉన్న ప్రోటీనును ముడవడం కాక, సృష్టిలో లేని కొత్త ప్రోటీన్లను కల్పించమని ఆటగాళ్ళను కోరినప్పుడు, తొలినాళ్ళలో వారు విచిత్రమైన పొడవాటి ఆకృతులను పంపారు. లెక్క ప్రకారం వాటికి మంచి మార్కులు వచ్చాయి. నిజమైన నీటిలో నిలబడే లక్షణం మాత్రం వాటికి లేదు. తప్పు ఆటగాళ్ళది కాదు. మార్కు వేసే పద్ధతిలో ఒక లొసుగు ఉన్నది. వారు దానిని పట్టుకున్నారు. పరిశోధకులు నియమాలను సవరించారు. 2019లో ప్రచురించిన ఫలితాలలో, ఆటగాళ్ళు కల్పించిన 146 ప్రోటీన్లను ప్రయోగశాలలో తయారుచేసి చూడగా 56 చక్కగా ముడుచుకొని స్థిరంగా నిలిచాయి.

విద్య కోసం తయారయ్యే ఆటలలో చాలా వాటికి ఈ లొసుగే శాపం. ఒక కూడిక సరిగా చేస్తే ఒక రాక్షసుణ్ణి పేల్చనిస్తారు. పిల్లవాడికి కావలసింది పేలుడు. కూడిక దారిలో చెల్లించవలసిన సుంకం. నాలుగు జవాబులలో ఒకదానిని ఎంచుకోమంటే, లెక్క వేయకుండా నాలుగూ వరుసగా నొక్కడమే త్వరితమార్గమని వాడు ఐదు నిమిషాలలో కనిపెడతాడు. ఇది వైకుంఠపాళి వంటి చదువు: నీతి పటం మీద, గెలుపు మరొకచోట.

మంచి ఉద్దేశంతో చేసిన ఆటలకూ ఈ చిక్కు తప్పలేదు. 1971లో మినియాపొలిస్ నగరంలో ముగ్గురు ఉపాధ్యాయ విద్యార్థులు చరిత్ర పాఠం కోసం 'ఆరిగాన్ ట్రెయిల్' ఆటను రాశారు. పందొమ్మిదవ శతాబ్దంలో బళ్ళు కట్టుకొని పడమటికి తరలిపోయిన వలసదారుల ప్రయాణం అది. తిండి, మందుగుండు, బట్టలు ఎంత కొనాలో ముందే నిర్ణయించుకోవాలి. తెలివితక్కువగా ఖర్చుపెడితే దారిలోనే కథ ముగుస్తుంది. కొరతలో ప్రయాణం ఎలా ఉంటుందో అది చక్కగా నేర్పింది, ఎందుకంటే గెలుపు దానిమీదనే ఆధారపడింది. కాని 1985 నాటి రూపంలో వేట సరదా పెరిగింది. బండికి వంద పౌన్ల మాంసమే తీసుకురాగలిగినా, కనిపించిన ప్రతి అడవిదున్ననూ కాల్చడం పిల్లలకు వేడుక అయింది. ఒకే ఆటలో ఒక భాగం చరిత్రను నేర్పితే, మరొక భాగం తుపాకీ గురిని నేర్పింది.

తప్పు చేసే స్వేచ్ఛ

లెక్క వద్ద లేని పట్టుదల ఆటలో ఎక్కడినుంచి వస్తున్నదన్న ప్రశ్నకు సమాధానం ఓటమి ఖరీదులో ఉన్నది. పరీక్షలో తప్పు రాస్తే ఎర్రసిరా గుర్తు మిగిలిపోతుంది; అది తప్పని తెలియడానికే వారం పడుతుంది. ఆటలో తప్పు చేస్తే క్షణంలో తెలుస్తుంది, మరుక్షణంలో మళ్ళీ ప్రయత్నించవచ్చు, ఎవరూ నవ్వరు. 1929లో ఎడ్విన్ లింక్ నేలమీదనే ఉండే నకిలీ విమానాన్ని తయారుచేసినది ఇందుకే. ఆకాశంలో ప్రాణం తీసే తప్పును నేలమీద నూరుసార్లు చేసి నేర్చుకోవచ్చు. బడులు ఆటలనుంచి అరువు తెచ్చుకోవలసినది రాక్షసులనూ, రంగులనూ కాదు. తప్పు వెంటనే తెలిసే పద్ధతినీ, సిగ్గుపడకుండా దిద్దుకునే అవకాశాన్నీ.

అయితే ఒక ఆటలో వచ్చిన నేర్పు మరొక రంగానికి దానంతట అదే పాకుతుందని ఆశించరాదు. వేగంగా సాగే పోరాటపు ఆటలు ఆడినవారికి కంటి చూపుతో ఒకేసారి పలు వస్తువులను గమనించే శక్తి పెరుగుతుందని 2003లో షాన్ గ్రీన్, డాఫ్నీ బావెలియర్ ప్రచురించిన పరిశోధన చూపింది. అది విలువైన ఫలితమే. కాని చూపు చురుకైనంత మాత్రాన బీజగణితం వచ్చినట్లు కాదు.

భయాలలో సబబైనవి ఏవి?

వీడియో ఆటలలోని హింసను గురించి 1993లో అమెరికా సెనేట్ విచారణ జరిపింది. ఫలితంగా మరుసటి సంవత్సరం పరిశ్రమ తానే ఇ.ఎస్.ఆర్.బి. అనే సంస్థను ఏర్పరచి, ఏ ఆట ఏ వయసువారికి తగినదో పెట్టెమీద ముద్రించడం మొదలుపెట్టింది. పిల్లలకు హింసాత్మక ఆటలు అమ్మరాదన్న కాలిఫోర్నియా చట్టాన్ని 2011లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. దానితో ఎంపిక బరువు చాలవరకు తల్లిదండ్రుల మీదనే పడింది. చైనా ఇందుకు భిన్నంగా, పద్దెనిమిదేళ్ళ లోపువారు శుక్ర, శని, ఆదివారాలలోనూ సెలవు దినాలలోనూ రాత్రి ఎనిమిదినుంచి తొమ్మిది వరకు మాత్రమే ఆన్‌లైన్ ఆటలు ఆడాలని 2021లో నియమం పెట్టింది.

ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగాల పట్టికలో చేర్చింది. 2022లో అది అమలులోకి వచ్చింది. ఎక్కువసేపు ఆడడమే రోగమని ఆ నిర్వచనం చెప్పదు. ఆటమీద అదుపు కోల్పోవడం, తిండి, నిద్ర, చదువు, స్నేహాల కన్న ఆటకే పెద్దపీట వేయడం, హాని జరుగుతున్నా మానలేకపోవడం — ఇవి సాధారణంగా పన్నెండు నెలలపాటు కనిపించి, జీవితాన్ని తీవ్రంగా దెబ్బతీస్తేనే రోగమంటారు. భోజనానికి ఇరవై నిమిషాలు ఆలస్యమైన పిల్లవాడు రోగి కాడు. అన్నం పళ్ళెం గదిలోకే వెళ్ళి ముట్టకుండా తిరిగి వస్తున్నదంటే మాత్రం వైద్యుని సలహా కోరవలసిందే.

ఇక్కడ కూడా మార్కు ప్రశ్నే దారి చూపుతుంది. మీట నొక్కిన ప్రతిసారీ గింజ దొరికే పావురం కన్న, ఎప్పుడు దొరుకుతుందో తెలియని పావురం మరింత విడువకుండా నొక్కుతుందని బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు చూపాయి. డబ్బు చెల్లించి తెరిచే, లోపల ఏముందో ముందుగా తెలియని 'లూట్ బాక్సు'లు ఈ బలహీనత మీదనే నడుస్తాయి. బెల్జియం 2018లో వీటిని జూదంగా పరిగణించింది. అటువంటి ఆటలో మార్కు తెలివికి కాదు, తండ్రి క్రెడిట్ కార్డుకు పడుతుంది. హింస కన్న ముందుగా కనిపెట్టవలసినది దీనినే.

ఇంట్లో చేయదగిన పరీక్ష

ఆట పెట్టెమీది పొగడ్తలు చదివే బదులు, పిల్లవాడి పక్కన అరగంట కూర్చొని మూడు ప్రశ్నలు వేయవచ్చు. గెలవాలంటే ఏమి తెలియాలి? ఓడినప్పుడు ఎందుకు ఓడావో చెప్పగలవా? అదే చోట మళ్ళీ ఆడితే ఏమి మార్చి చేస్తావు? వాడు ఉత్సాహంగా కారణాలు వివరిస్తే, అక్కడ ఆలోచన జరుగుతున్నది. "ఏమో, అదృష్టం" అనో, "ఇంకో ఐదు డాలర్లు కడితే వస్తుంది" అనో జవాబిస్తే, ఆ ఆట సంగతి తేలిపోయినట్లే. గంటలను లెక్కించడం అవసరమే. ఆ గంటలలో ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడం అంతకన్న అవసరం.

ఆడడం కన్న పై మెట్టు ఆటను తయారుచేయడం. 2024లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతిలో సగం, కొత్త ప్రోటీన్లను కల్పించినందుకు డేవిడ్ బేకర్‌కు దక్కింది. మిగిలిన సగాన్ని, ప్రోటీన్ల ఆకృతిని చెప్పగల 'ఆల్ఫాఫోల్డ్' యంత్రానికి గాను డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్ పంచుకున్నారు. ఆ హస్సాబిస్ చిన్ననాట చదరంగం ఆడినవాడు. యుక్తవయసులోనే, 1994లో వెలువడిన 'థీమ్ పార్క్' అనే ఆట రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. ఆటలాడే పిల్లలందరికీ నోబెల్ వస్తుందని దీని అర్థం కాదు. దేనికి గెలుపు ఇవ్వాలో ఆలోచించడం శాస్త్రజ్ఞుడికి మంచి సాధన అని మాత్రం చెప్పవచ్చు.

ఆ సాధన ఏ ఇంట్లోనైనా ఆరంభించవచ్చు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ 2007లో విడుదల చేసిన 'స్క్రాచ్' అనే ఉచిత భాషతో ఎనిమిదేళ్ళ పిల్లలు సైతం ఆటలు అల్లగలరు. సెలవులలో పులి–మేకను దానిలో తయారుచేయమని మనుమడిని కోరి చూడవచ్చు. పులి ఎప్పుడు దూకవచ్చు? మేకలన్నీ పటం మీదికి వచ్చేదాకా కదలకూడదా? పులి కదలలేని స్థితిని కంప్యూటరుకు ఎలా చెప్పాలి? వీటిలో చివరిదానికి జవాబు వాడే వెతుక్కోవాలి. మొదటి రెండూ నాయనమ్మకు తెలుసు. ఊరికొక నియమం కనుక ఆమె కొంచెంసేపు ఆలోచించి చెప్పవలసి వస్తుంది. ఆ సంభాషణ తెలుగులోనే జరుగుతుంది. భోజనం ఆలస్యమైనా ఆ రోజుకు ఫరవాలేదు.